చప్పట్ల కింద పోయిన స్వరం

ఎర్లెన్‌బుర్గ్, 1858

ఏప్రిల్ 19, సోమవారం

రాలేదు.

ఏప్రిల్ 20

రాలేదు. మంచిదని ఎవరో చెబితే రెండు పచ్చిగుడ్లు మింగాను. స్వరం రాలేదు గానీ గుడ్లు మాత్రం పైకి రాబోయాయి.

ఏప్రిల్ 22

ఈ పుస్తకం కొన్నప్పుడు ఇందులో కళ గురించి గంభీరమైన ఆలోచనలు రాద్దామనుకున్నాను. తిరగేసి చూస్తే ‘రాలేదు’ అన్న మాటే పేజీకి రెండుసార్లు ఉంది. నా తర్వాత ఎవరైనా చదివితే రానిది ఎవరో ప్రియురాలు అనుకుంటారు. నాకు అంత అదృష్టం కూడానా. రానిది ఒక స్వరం. ‘బందీ యువరాజు’ మూడో అంకంలో, చెరసాల కిటికీలోంచి తెల్లవారడం చూసి యువరాజు పాడే పాట చివర, ఒకే ఒక్క పైస్వరం. పద్దెనిమిదేళ్ళుగా ఈ రాజ్యంలో ఆ స్వరానికి ఆసామిని నేనే. క్రిస్మస్ ముందు జలుబు చేసింది. జలుబు తగ్గింది. స్వరం దాంతోపాటు వెళ్ళింది.

పోయిందని మాత్రం నేను అనను. సెలవు మీద వెళ్ళింది.

సంగతి ఎవరికీ తెలియదు. మా వృత్తిలో ఒక వెసులుబాటు ఉంది. పేరున్న గాయకుడు రిహార్సల్‌లో పూర్తి గొంతు విప్పడు. పైస్వరం వచ్చేచోట చెయ్యి కాస్త గాలిలోకి లేపి, ‘ఇక్కడ అది ఉంటుంది’ అన్నట్టు చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. కొత్తవాడు అలా చేస్తే బద్ధకం, నేను చేస్తే హుందాతనం. నాలుగు నెలలుగా నా అంత హుందాగా జర్మన్ దేశాల్లో ఎవరూ పాడి ఉండరు.

ఏప్రిల్ 26

బారన్ ఇట్టర్ పిలిపించాడు. మా నాటకశాల అధికారి. ఇదివరకు ప్రభువు గుర్రపుశాల చూసేవాడు, అక్కడ బాగా చేశాడని ఇక్కడికి మార్చారు. ఇప్పటికీ మాట్లాడేముందు మనిషి పళ్ళ వంక ఒకసారి చూస్తాడు.

"కూర్చోండి హార్టిగ్ గారూ. మే ఎనిమిదికి ప్రభువు గద్దెనెక్కి పాతికేళ్ళు. కోడలు యువరాణీ గారు కూడా వస్తున్నారు. ‘బందీ యువరాజు’ వెయ్యమన్నారు. మీరే పాడాలిట."

"నేను కాక ఇంకెవరు పాడతారు?" అన్నాను, పిల్లిలాంటి గొంతుతో.

"అంటే, ఆ క్రూస్ అబ్బాయి ఉన్నాడుగా. సరే, అది వేరే మాట. ఇదిగో చూడండి, మీ పైస్వరం కోసమే ప్రభువు మూడో అంకం దాకా మేలుకుని ఉంటారు. అది బాగా పడిందా, పట్టా రాయించి ఉంచాను. రాజాస్థాన గాయకుడు. జీతమూ, ఇప్పుడుంటున్న ఇల్లూ, మీరూ మీ అక్కగారూ ఉన్నంతకాలం మీవే. పడలేదా, మీ ఒప్పందం సెప్టెంబరుతో సరి. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ముందు తలుపు ఎటుందో వెతుక్కోవాలి కదా.

ఇంటికొచ్చి అక్కకి మొదటి సగం చెప్పాను, ఇల్లు సంగతి. రెండో సగం, స్వరం సంగతి, చెప్పలేదు. ఒటీలియా అక్క ఇరవై రెండేళ్ళుగా మా నాటకశాలలో మాట అందించే మనిషి. వేదిక ముందు అంచున నేలలో ఒక గూడు ఉంటుంది. అందులో కూర్చుని, తల ఒక్కటి పైకి పెట్టి, మరిచిపోయినవాడికి తర్వాతి మాట గుసగుసగా ఇస్తుంది. జనానికి కనబడదు. నా బూట్లు ఆవిడ ముక్కుకి జానెడు దూరంలో ఉంటాయి. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, సంగీతం చెప్పించిందీ ఆవిడే. ఆ గూడు తేమకి మోకాళ్ళు పాడయ్యాయి.

"అయితే ఈ ఇల్లు మనదే అయిపోతుందన్నమాట" అంది. "వంటింటి పొయ్యి మార్పించొచ్చు." వెంటనే పొయ్యి కొలతలు తీసింది.

ఏప్రిల్ 29

వాలెంటిన్ క్రూస్‌కి ఇరవయ్యారేళ్ళు. బ్రెస్లావ్ నుంచి వచ్చాడు. అందంగా ఉంటాడు, వేళకి వస్తాడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఒక్క దుర్గుణమైనా ఉంటే తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

ఇవాళ నా నడుముపట్టీ బిగించడానికి ఇద్దరు దర్జీలు కావలసి వచ్చారు. యువరాజు వయసు ఇరవై. ఒకడు మోకాలు నా వీపుకి ఆనించి లాగాడు. క్రూస్ తలుపు దగ్గర నిలబడి, "గురువుగారూ, మీ పైస్వరం ఒక్కసారి వినాలని ఉందండీ. ఇక్కడికి వచ్చిందే అందుకు" అన్నాడు. ఆ స్థితిలో నాకు ఊపిరే రావడం లేదు.

"ఎనిమిదో తారీఖున వినొచ్చు బాబూ" అన్నాను హుందాగా.

మే 3

ఇంట్లో సాధన చేస్తే అక్కకి తెలుస్తుందని ఊరి బయట అడవికి వెళ్ళాను. నాలుగుసార్లు ప్రయత్నించాను. అయిదోసారి గట్టిగా పట్టేసరికి చెట్ల వెనకనుంచి కట్టెలు కొట్టేవాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ, ఆవేమైనా గోతిలో పడిందా?" అన్నాడు.

లేదన్నాను. అయినా పాపం అతను కాసేపు వెతికాడు.

మే 6

పాట శ్రుతి ఒక మెట్టు కిందికి దించితే ఆ స్వరం అందుతుందేమో, అలా దించమని వాద్యబృందాన్ని అడగవచ్చు. ఇరవై ఎనిమిదిమంది వాద్యగాళ్ళు. అందరూ ఒకే సారాకొట్టుకి వెళ్తారు. పాట దించిన రోజు సాయంత్రానికి బేకరీ వాడికి కూడా తెలుస్తుంది. అడగలేదు.

మే 7

రేపు.

మే 9, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాయాలి. ఇప్పటికే నా బుర్ర దాన్ని దిద్దడం మొదలుపెట్టింది.

ప్రభువు వచ్చిన రోజున ఆయన చేతులు కలిపేదాకా ఇంకెవరూ చప్పట్లు కొట్టరు. మా ప్రభువు గ్రాండ్ డ్యూక్‌కి డెబ్బై ఒకటి, కీళ్ళనొప్పులు, చేతులు చేతికర్ర మీదే ఉంటాయి. రెండు అంకాలు అయ్యాయి. పాట అయ్యాక పాట, చిన్న దగ్గు కూడా లేదు. అలవాటు లేనివాడికి అది నరకం. ఖాళీ నూతిలోకి పాడుతున్నట్టుంటుంది. నాకు పద్దెనిమిదేళ్ళ అలవాటు, కనక సగం నరకం.

మూడో అంకం. చెరసాల. రాజపీఠం వైపు తిరిగే పాడాలి, వీపు చూపకూడదు, అందుకని మా చెరసాలకి కిటికీ ఎప్పుడూ ప్రభువు ఉన్న వైపే ఉంటుంది. పాట చివరికి వచ్చాను. వాద్యాలు ఆగాయి, ఆ స్వరానికి ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం. ఊపిరి పీల్చాను. నడుముపట్టీ కిర్రుమంది. నోరు తెరిచాను.

అప్పుడు ప్రభువు చేతులు కలిశాయి.

ఠప్ మని ఒక్కటే. మరుక్షణం నాటకశాల విరుచుకు పడింది. రెండు అంకాలు బిగబట్టుకున్న ఎనిమిది వందల మంది ఒక్కసారి చప్పట్లు. పూలు. ఎవరో నా మీదకి చేతితొడుగు విసిరారు. దానికి కొంచెం ముందు ప్రభువు మొహం దగ్గర గోధుమరంగుది ఏదో ఎగిరినట్టు అనిపించింది. పీఠానికి వేసిన బంగారు పూత రాలిందేమో.

అసలు ప్రశ్న: వచ్చిందా?

నాకు తెలియదు. దేవుడిమీద ఒట్టు, నాకే తెలియదు. నా చెవుల నిండా చప్పట్లు. ఇంటికొస్తూ అక్కని అడిగాను. జానెడు దూరంలో ఉన్నది ఆవిడే కదా.

"నా పని మాటలు అందించడం, స్వరాలు లెక్కపెట్టడం కాదు" అంది. "కోటు బొత్తాలు పెట్టుకో, చలి."

మే 10

పత్రికలో వచ్చింది: ‘హార్టిగ్ గారి సుప్రసిద్ధ స్వరం పూర్తయ్యేదాకా ఆగలేక ప్రభువులవారు స్వయంగా కరతాళధ్వనులు చేశారు.’ మందుల దుకాణం వాడు ఆ స్వరానికి తన కళ్ళజోడు వణికిందన్నాడు. అతను చదువుకున్నవాడు, ఊరికే అనడు.

వచ్చే ఉంటుంది.

మే 11

వచ్చింది. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. కొంచెం సన్నగా మొదలై నిండుగా వ్యాపించింది. గొప్ప గాయకులకి ఆపదలో స్వరం తనంతట తానే వస్తుందంటారు. ఎవరంటారో గుర్తులేదు. నేనే అయి ఉండొచ్చు.

మే 12

క్రూస్ ఇంటికి వచ్చాడు. ఏదో ఇబ్బంది పడుతూ కూర్చున్నాడు.

"గురువుగారూ, నేను పక్క తెర వెనకనుంచి చూస్తూ ఉన్నానండీ. ప్రభువు మీకోసం చప్పట్లు కొట్టలేదండీ. దీపం పురుగు ఒకటి మొహం మీదకి వచ్చింది, దాన్ని కొట్టారు. తర్వాత రుమాలుతో చెయ్యి కూడా తుడుచుకున్నారు. జనం అందుకునేసరికి ఇంకేం చేస్తారు, తనూ కొట్టడం మొదలెట్టారు."

"నాకెందుకు చెప్తున్నావు బాబూ ఇది?"

"నాకు స్వరం వినబడలేదండీ. ఆ పాడు పురుగు వల్ల. బ్రెస్లావ్ నుంచి వచ్చిందే దానికోసం." నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి వెధవకి.

ప్రభువుల చప్పట్లు పొరపాటున పడవని, ఇలాంటి మాటలు బయట అనవద్దని మందలించి పంపాను. ఒకసారి చేతులు కలిపాక వెనక్కి తీసుకోలేరు మరి, ఆయన ప్రభువు. పురుగు అయితే ఏమిటి. పురుగు కొట్టినంత మాత్రాన స్వరం రాలేదని కాదుగా.

మే 13

బారన్ కబురు. యువరాణీ గారికి చప్పట్లలో స్వరం సరిగా వినబడలేదట. ఆదివారం పదకొండింటికి, ప్రార్థన అయ్యాక, కోటలో పసుపు గదిలో ఆ పాట ఒక్కటీ పాడాలి. వినేవాళ్ళు ఆరుగురు. పియానో ఒక్కటే. సొంత గదుల్లో చప్పట్లు కొట్టే ఆచారం లేదు.

పట్టా మీద సంతకం ఆ పాట అయ్యాక పెడతారట.

మే 14

రాలేదు. రాలేదు. రాలేదు.

మే 15, శనివారం

ఇవాళ ఇంట్లోనే ప్రయత్నించాను, అక్క వంటింట్లో ఉండగానే. దాచి ఇంకా ఏం లాభం. స్వరం దగ్గర గొంతు చిరిగిన గుడ్డలా అయింది. క్యాబేజీ తరిగే చప్పుడు ఆగింది.

"ఎప్పటినుంచి?" అంది గుమ్మంలోంచి.

"క్రిస్మస్."

"అనుకున్నాను. ఫిబ్రవరి నుంచీ నువ్వు మరీ మర్యాదగా ఉంటున్నావు."

అప్పుడు మళ్ళీ అడిగాను. "ఎనిమిదో తారీఖున వచ్చిందా అక్కా? నిజం చెప్పు. వచ్చి ఉంటే రేపు మళ్ళీ రావచ్చు."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆవిడ కూర్చుందంటే నాకు భయం.

"రాలేదు, పోలేదు. నువ్వు పాడనే లేదురా. నోరు తెరిచావు. చప్పట్లు మొదలయ్యాయి. నోరు మూశావు. మూసి, వంగి దణ్ణం పెట్టావు. మీద పూలు పడుతున్నాయి, నీ మొహం చూస్తే ఉరికంబం మీదనుంచి దింపినవాడిలా ఉన్నావు."

"లేదు."

"జానెడు దూరం నుంచి చూశాను లుడోల్ఫ్. నీ బూటు మడమ కూడా వెనక్కి జరిగింది."

చాలాసేపు కోపంగా ఉన్నాను. అబద్ధమన్నాను, అసూయ అన్నాను, ఆ గూట్లో చీకటి వల్ల చూపు మందగించిందన్నాను. ఆవిడ అన్నీ వింది. చెప్పేవి అయిపోయాక, నాకూ గుర్తొచ్చింది. పెదవులు కలవడం గుర్తొచ్చింది. ఎంత సుఖంగా ఉందో కూడా.

"ఇదిగో విను" అంది అక్క చివరికి. "రేపు పియానో నేను వాయిస్తాను. కీళ్ళు పట్టేశాయని మన నాటకశాల పియానో ముసలాయన ఎలాగూ రానంటున్నాడు. ఒక మెట్టు కిందికి దించి వాయిస్తాను. అక్కడ దించింది కనిపెట్టే చెవి ఒక్కటీ లేదు. నీ గొంతుకి అందే స్వరమే వస్తుంది, సంతకం పడుతుంది, నా పొయ్యి నాకు ఉంటుంది. సరేనా?"

సరేనన్నాను. ఎందుకనను.

మే 16, ఆదివారం

పసుపు గది. గుడ్డు సొనలా ఉంది. గ్రాండ్ డ్యూక్ కాళ్ళకి దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. పక్కన యువరాణీ, పాతికేళ్ళుంటాయేమో, నిజంగా వినాలని వచ్చినట్టు ముందుకి వంగి కూర్చుంది. బారన్, ఇద్దరు అంతఃపురం ఆడవాళ్ళు, ఒక వైద్యుడు. గూటిలో కాక మామూలుగా కుర్చీలో కూర్చున్న అక్కని అంత వెలుగులో చాలా రోజులకి చూశాను. ఆదివారపు నల్ల గౌను, జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు.

ఆవిడ చేతులు పియానో మీద పెట్టి నా వంక చూసింది. కింది మెట్టు మీద పెట్టింది వేళ్ళు.

నేను ఏం అనుకున్నానో రాయాలంటే కళ, సత్యం వగైరా రాయవచ్చు. అవేవీ అనుకోలేదు. ఆ పిల్ల ముందుకి వంగి కూర్చోవడం చూశాను, క్రూస్ గుర్తొచ్చాడు, అంతే. వంగి అక్క చెవిలో, "ఉన్నట్టే వాయించు" అన్నాను.

"పిచ్చి పట్టిందా?" అంది పెదవులు కదపకుండా. ఆవిడకి ఆ విద్య బాగా వచ్చు.

"ఉన్నట్టే."

వాయించింది. పాడాను. మధ్యభాగం బాగానే పాడానని చెప్పుకోవచ్చు. ఆ స్వరం వచ్చేచోట పియానో ఆగింది. నోరు తెరిచాను. ఈసారి ఎవరూ చేతులు కలపలేదు. ఊపిరి మొత్తం దాని మీద పెట్టాను. పైకి వెళ్ళింది, నిజంగా వెళ్ళింది, దాని తలుపు దాకా వెళ్ళింది. అక్కడ పగిలింది. పొద్దున్నే కోడిపుంజు మొదటి కూత ఎలా ఉంటుందో అలా, ఆ పసుపు గదిలో, రాజకుటుంబం ముందు. అయినా ఆపలేదు. పగిలినదాన్ని పగిలినట్టే చివరిదాకా పట్టుకున్నాను.

ఎవరూ కదల్లేదు. బారన్ నా పళ్ళ వంక చూశాడు.

యువరాణీ మెల్లగా మామగారి వైపు తిరిగింది. "ఆ రోజు కూడా ఇలాగే ఉందా అండీ?"

గ్రాండ్ డ్యూక్ నన్ను చాలాసేపు చూశారు. ఎనిమిది వందల మంది ముందు తన చేతులు ఎందుకు కలిశాయో ఈ లోకంలో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

"ఆ రోజు ఇంతకంటే చాలా బాగుందమ్మా" అన్నారు.

ఇంటికొస్తూ వంతెన దగ్గర అక్క తిట్టడం మొదలుపెట్టింది. మూర్ఖుడా అంది, గాడిదా అంది, ఒక్క మెట్టు, ఒకే ఒక్క మెట్టు అంది, పొయ్యి కొలతల కాగితం ముక్కలుగా చింపి నదిలో పారేసింది. ఆ ఇల్లు నా ఒక్కడిదే కాదు. నా ముచ్చట కోసం ఆవిడ ఇల్లు పెట్టి ఆడాను, ఆ మాట ఆవిడ అనకుండానే తెలుసు. సిగ్గుగా ఉంది.

మే 18

పట్టా గురించి కబురు లేదు. అక్క గిన్నెలు గడ్డిలో పెట్టి సర్దుతోంది, కావాలనే చప్పుడు చేస్తూ.

మే 20

పట్టా వచ్చింది.

మూడుసార్లు చదివాను. ‘మే నెల ఎనిమిదో తారీఖున మూడో అంకంలో లుడోల్ఫ్ హార్టిగ్ ఆలపించిన స్వరమునకు మెచ్చి.’ సంతకం, ముద్ర, ఎర్ర లక్క. కింద బారన్ చేతిరాత: ‘ప్రభువులు చప్పట్లు కొట్టాక మాట మారదు. అయితే ఆ పాత్ర ఇకమీదట క్రూస్ పాడతాడు. మీరు ఇంక పాడనవసరం లేదు, దయచేసి.’ ఆ ‘దయచేసి’ కింద గీత కూడా గీశాడు.

అంటే, నేను పాడని స్వరానికి నాకు ఇల్లూ, జీతమూ, బిరుదూ. పాడిన స్వరానికి మందలింపు. ఇంత చక్కగా నన్ను నేను ఎప్పుడూ వెక్కిరించుకోలేదు, ప్రభుత్వం ముద్ర వేసి మరీ చేసిపెట్టింది.

కలం తీసుకుని ప్రభువుకి ఉత్తరం మొదలుపెట్టాను. ఆ రోజు నేను నిజానికి పాడలేదని, ఈ గౌరవానికి తగనని. ఇలాంటివి రాస్తున్నప్పుడు నా చేతిరాత చాలా అందంగా ఉంటుంది. అక్క భుజం మీదుగా చదివింది. రొట్టె పిండి కలుపుతోంది, చేతుల నిండా పిండి.

"రాయి రాయి. నువ్వు పాడలేదని రాస్తే, మరి ఆయన చప్పట్లు దేనికి కొట్టారో కూడా రాయాలి. పురుగుని కొట్టారని రాయి, క్రూస్ చెప్పింది నేనూ విన్నాగా. అప్పుడు ఇల్లే కాదు, ఊరు కూడా ఖాళీ చేద్దాం."

కలం పెట్టేశాను. ఆయన నన్ను కాపాడలేదు, తన చప్పట్లని కాపాడుకున్నారు. ఆ చప్పట్ల కింద మేమిద్దరం తలదాచుకుంటున్నాం. ఒప్పుకోక చస్తానా.

"మరి పదహారున పాడిందో?" అన్నాను. అడగకూడదనే అనుకున్నాను. "అది ఎక్కడా లేదు. పట్టాలో లేదు, పత్రికలో లేదు. అందరూ అది జరగనట్టే ఉంటారు."

అక్క పిండి కలపడం ఆపింది.

"వంతెన దగ్గర తిట్టినదంతా ఇంటి గురించి" అంది. "పాట గురించి ఒక్క మాట అనలేదు, చూసుకున్నావా? పద్దెనిమిదేళ్ళు ఆ స్వరం నీకు ఊరికే వచ్చేది, నువ్వు ఊరికే పాడేవాడివి. మొన్న రాదని తెలిసి పాడావు. దానికి కాగితం ఏదీ ఉండదురా. నేను విన్నాను. చాలదా?"

చాలన్నాను. తర్వాత నలభై ఏడేళ్ళవాణ్ణి, ఎర్లెన్‌బుర్గ్ రాజాస్థాన గాయకుణ్ణి, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ తల నిమిరింది, జుట్టంతా పిండి అయింది.